ఆ కాగితాన్ని ఎవరు మోస్తారు?

కిందటేడు నవంబరులో ఒక సాయంత్రం స్టాఫ్ రూములో ఇంటర్నల్ పేపర్లు దిద్దుకుంటున్నాను. ఐదుగురు అమ్మాయిలు గుమ్మం దగ్గర నిలబడి, నువ్వు వెళ్లంటే నువ్వు వెళ్లని ఒకరినొకరు తోసుకుంటున్నారు. రమ్మన్నాను. మార్జిన్ కొట్టిన తెల్లకాగితం ఒకటి నా ముందు పెట్టి, "ప్రిన్సిపాల్ సార్‌కి ఇద్దామనుకుంటున్నాం మేడం, తప్పులుంటే దిద్దండి" అన్నారు. నేను తెలుగు చెప్పేదాన్ని. నా దగ్గరికి వచ్చే కాగితాలన్నీ తప్పులు దిద్దించుకోడానికే వస్తాయి.

"గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారి దివ్య సముఖమునకు, డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థినులు నమస్కరించి వ్రాయు విన్నపము ఏమనగా..." అని మొదలైంది. ఆ 'ఏమనగా' తర్వాత పేజీన్నర ఉంది. వందలాదిమంది విద్యార్థినులు అష్టకష్టాలు పడుచున్నారట. చదువుల తల్లి ఒడికి దూరమగుచున్నారట. ప్రిన్సిపాల్ గారు తండ్రివంటి వారు గనుక దయతలచి మొర ఆలకించాలట. అక్షరదోషాలు రెండే రెండు. చేతిరాత ముత్యాల్లా ఉంది. ఆసాంతం చదివినా వీళ్లకొచ్చిన కష్టం ఏమిటో నాకు తెలియలేదు.

"అసలేమైందమ్మా?" అని అడిగాను. వెనకాల నిలబడ్డ అమ్మాయి గబగబా చెప్పేసింది. "ల్యాబు నాలుగున్నరకి అవుతాది మేడం. మా ఊళ్లవేపు బస్సు నాలుగుంపావుకే కాంప్లెక్సులో కదిలిపోతాది. మళ్లీ బస్సు ఆరున్నరకే."

కాగితంలో ఆ మాట లేదు.

అప్పటినుంచి ఈ వ్యాసం రాయాలనుకుంటున్నాను. ఆ పిల్లకి విషయం తెలుసు. నోటితో అడిగితే మూడు ముక్కల్లో, ఒక్క అనవసరమైన మాట లేకుండా చెప్పింది. కలం పట్టుకునేసరికి ఆ విషయమంతా ఎక్కడికి పోయింది? తనది కాని భాషలో, తనది కాని గొంతుతో, ఎవరో రాజుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడినట్టు ఎందుకు రాసింది? తప్పు ఆ పిల్లది కాదు. ఆరో తరగతి నుంచి మేం నేర్పించింది అదే. లేఖారచన అంటే పై కుడిమూల ఊరు, తేదీ, ఎడమవైపు సంబోధన, కింద 'ఇట్లు తమ విధేయురాలు'. వీటికి మార్కులున్నాయి. మధ్యలో ఏం రాశావు, చదివినవాడు ఆ పని చేస్తాడా లేదా అన్నదానికి మార్కుల్లేవు. వ్యాసరచన పోటీలూ అంతే. 'విద్యార్థులు - క్రమశిక్షణ', 'సెల్‌ఫోను వల్ల లాభనష్టాలు'. లాభాలు అయిదు, నష్టాలు అయిదు, ముగింపు. దేనికీ ఎటూ మొగ్గకుండా రాయడం మా పిల్లలకి బాగా వచ్చు. విన్నపం చెయ్యడమూ వచ్చు. వాదించడం మాత్రం మేం నేర్పలేదు.

వాదన అంటే గొంతు పెంచడం కాదని నాకు తెలిసేసరికి నాకు పాతికేళ్లు దగ్గరపడ్డాయి. దానికి మా అమ్మ గొలుసు ఖర్చయింది.

2012లో నా పీజీ పూర్తయింది. చదివింది ఒక ప్రైవేటు కాలేజీలో, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద. ఆఖరి ఏడాది డబ్బు ప్రభుత్వం నుంచి రాలేదని, అది నేను కడితే తప్ప టీసీ, ఒరిజినల్స్ ఇవ్వమని ఆఫీసులో చెప్పారు. నాకు బీఎడ్ సీటు వచ్చింది. చేరడానికి వారం గడువు. కరస్పాండెంటు గారికి మూడు పేజీల ఉత్తరం రాశాను. మా నాన్న కౌలు రైతు అని, ఆ ఏడు పంట పోయిందని, నేను క్లాసులో మొదటిదాన్నని, నా భవిష్యత్తు ఆయన చేతుల్లోనే ఉందని రాశాను. రాస్తూ ఏడ్చాను కూడా. ఆయన నా ఎదురుగానే చదివి, "బాగా రాశావమ్మా" అన్నారు. సర్టిఫికెట్లు ఇవ్వలేదు. అమ్మ మెళ్లో గొలుసు బ్యాంకులో పెట్టి 18,500 రూపాయలు కట్టి తెచ్చుకున్నాం.

మా మేనమామ అప్పట్లో ఒక ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఆ మరుసటి ఏడు సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఈ సంగతి చెబితే, ఆ ఉత్తరం కాపీ ఉందా అని అడిగాడు. ఉంది, దాచుకున్నాను. చదివి పక్కన పెట్టాడు. "ఆయన జాలి పడే ఉంటాడమ్మా. కానీ రేపు ఆయన అకౌంటెంటు వచ్చి 'ఈ అమ్మాయికి బాకీ ఎందుకు వదిలేశారు సార్' అనడిగితే ఏం చూపిస్తాడు? ఫైల్లో పెట్టుకోడానికి నువ్వు ఇచ్చిందేంటి?"

ఇన్నేళ్లలో రాయడం గురించి ఎవరు చెప్పిన ఏ మాటా నాకు అంతగా పనికిరాలేదు.

ఆయన దగ్గరుండి సమాచార హక్కు దరఖాస్తు రాయించాడు. 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయానికి పంపాం. నేను పది ప్రశ్నలు రాస్తే తొమ్మిది కొట్టేసి ఒక్కటి ఉంచాడు. 'ఈ నంబరు గల నా స్కాలర్‌షిప్ దరఖాస్తు మీద, ఈ విద్యాసంవత్సరానికి, ఏ తేదీన, ఎంత మొత్తం, ఏ కాలేజీకి విడుదలైంది?' చట్టం 30 రోజులు గడువిస్తుంది. 26వ రోజున జవాబు వచ్చింది. నేను డబ్బు కట్టిన మూడు నెలలకి నా పేరు మీద ట్యూషన్ ఫీజు కాలేజీకి చేరింది. తేదీ ఉంది, మొత్తం ఉంది, అధికారి సంతకం ఉంది. నా రసీదు జిరాక్సు, ఆ జవాబు జిరాక్సు జతచేసి అయిదు వరుసల ఉత్తరం రాశాను. అందులో మా నాన్న లేడు, పంట లేదు, కన్నీళ్లు లేవు. మూడు వారాలకి చెక్కు వచ్చింది.

కరస్పాండెంటు గారి మనసు మారిందని నేననుకోను. మొదటిసారి నేనిచ్చింది ఆయన ఒక్కడూ చదువుకుని పక్కన పెట్టుకునే ఉత్తరం. రెండోసారి ఇచ్చింది ఆయన ఇంకొకరి ముందు పెట్టగలిగిన కాగితం. మనం ఎవరికి అర్జీ పెట్టినా ఆ మనిషి పైన ఇంకో మనిషి ఉంటాడు, పక్కన ఒక కమిటీ ఉంటుంది, కింద సణిగే గుమస్తా ఉంటాడు. మన కాగితాన్ని పట్టుకుని వాళ్ల దగ్గరికి వెళ్లాల్సింది ఆయన. అక్కడ మనం ఉండం. మన బాధ ఆయన నోటి మీదుగా వెళ్తే సగానికి సగం ఆవిరైపోతుంది. కాగితంలో ఉన్నది మాత్రం ఉన్నట్టే చేరుతుంది.

అందుకే ఆ అయిదుగురు అమ్మాయిలని ఒక్కటే అడిగాను. "ఎంతమంది?"

"చాలామంది మేడం."

"చాలామంది అంటే?"

మొహమొహాలు చూసుకున్నారు. ఒక పొడుగు నోటుబుక్కు ఇచ్చి, వారం రోజుల్లో ఆ రూటులో వచ్చేవాళ్ల పేర్లు రాసుకురమ్మన్నాను. పేరు, గ్రూపు, ఊరు, బస్సు తప్పితే ఇంటికి చేరే టైము, ఇప్పటిదాకా హాజరు శాతం. నాలుగో గడి వాళ్లు ఊరికే రాశారనుకున్నాను, కాదు. ఒకమ్మాయి ఎదురుగా 7.40 అని ఉంది, పక్కనే చిన్న అక్షరాలతో 'జంక్షన్ నుంచి నడక' అని. ఇంకొకరి ఎదురుగా 8.05. ఆ అంకెల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. డిసెంబరులో మావైపు అయిదున్నరకే పొద్దు వాలిపోతుంది.

మొత్తం తేలింది 43 మంది. ముప్ఫై ఒక్కరు అమ్మాయిలు, పన్నెండుమంది అబ్బాయిలు. వందలాదిమంది కాదు. ఆ అంకె చూసి పిల్లలు నీరసపడ్డారు. నాకు మాత్రం ధైర్యం వచ్చింది. వందలాదిమంది అని రాస్తే ప్రిన్సిపాల్ గారు నమ్మరు, నమ్మనక్కర్లేదు కూడా. 43 అని రాసి కింద పేర్లు పెడితే, కాదనాలంటే ఆయన ఒక్కొక్క పేరూ కొట్టెయ్యాలి. ఆ 43 మందిలో పదిహేడుమందికి అక్టోబరు ఆఖరుకి హాజరు 75 శాతానికి లోపుంది. ల్యాబు మధ్యలో లేచి బస్సుకి పరిగెత్తేవాళ్లు వాళ్లు. హాజరు తగ్గితే హాల్‌టికెట్టుకి ఇబ్బంది, స్కాలర్‌షిప్పుకి ఇబ్బంది. ఇదీ మొదటి కాగితంలో లేదు.

ఇంకోటి కూడా లేదు. నోటుబుక్కు ఆఖరి పేజీలో రెండు పేర్లు విడిగా రాసి, గీత కొట్టి ఉన్నాయి. ఇవేంటని అడిగాను. "వాళ్లు రావట్లేదు మేడం. సెప్టెంబరులో మానేశారు." ఎందుకు మానేశారు? "లేటవుతోందని ఇంట్లో ఆపీసారు."

అష్టకష్టాలు అని రాసిన పిల్లలకి, తమ పక్క బెంచీలో కూర్చున్న ఇద్దరు చదువు మానేసిన సంగతి రాయాలని తోచలేదు. అది వాళ్లకి లెక్కలోకి వచ్చే విషయంలా అనిపించలేదు. ఊళ్లో ఆడపిల్ల చదువు ఆగిపోవడం అంత మామూలు సంగతి మరి. లెక్క రాయడం మొదలుపెడితే తప్ప అది కళ్లకి కనబడలేదు. అందుకే, ముందు లెక్క పోగుచేయడం వాదనకి అలంకారం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. లెక్క రాస్తున్నప్పుడే మన సమస్య ఏమిటో మనకి తెలుస్తుంది.

ఇక అడగాల్సింది ఏమిటి? మొదట బస్సు టైము మార్పించాలన్నారు. కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్స్‌కి వెళ్దామన్నారు. వెళ్లొచ్చు. కానీ ఆ బస్సులో మన పిల్లలే కాదు, కూలిపనికి వచ్చి తిరిగి వెళ్లేవాళ్లు, ఆసుపత్రికి వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్లకి నాలుగుంపావే కావాలేమో. పైగా ఆ నిర్ణయం ఎక్కడో డిపోలో, ఇంకెక్కడో రీజియన్ ఆఫీసులో జరుగుతుంది. మన కాలేజీ టైంటేబులైతే ముప్ఫై అడుగుల దూరంలో, ప్రిన్సిపాల్ గారి టేబులు మీద అద్దం కింద ఉంది. ల్యాబులున్న సైన్సు గ్రూపులకి మాత్రం పది గంటలకి బదులు తొమ్మిదిన్నరకి మొదలుపెట్టి నాలుగింటికి వదలమని అడుగుదాం అని తేల్చుకున్నాం.

అప్పుడు అసలు పేచీ వచ్చింది. "దీనివల్ల ఎవరికైనా ఇబ్బందా?" అని అడిగాను. వెళ్లి కనుక్కొచ్చారు. మిగతా రూట్ల బస్సులన్నీ తొమ్మిదీ పది నిమిషాల లోపే కాంప్లెక్సుకి వచ్చేస్తాయి. ఒక్క రూటు బస్సు తొమ్మిదీ నలభై అయిదుకి వస్తుంది. అందులో వచ్చే సైన్సు పిల్లలు ఆరుగురు. ఆ ఆరుగురి సంగతి కాగితంలో రాయాలన్నాను.

"అది రాస్తే మనకే దెబ్బ కదా మేడం?"

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయికి ఆ రోజు నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను. మనం దాచిన సంగతి అవతలివాళ్లు కనిపెడితే, మనం చెప్పిన మిగతా నిజాలు కూడా అనుమానం పాలవుతాయి. అది ఒక కారణం, చిన్న కారణం. పెద్దది వేరే ఉంది. ఆ ఆరుగురూ మన పిల్లలే. వాళ్ల మొదటి పీరియడు తీసేసుకుని మన ఆఖరి పీరియడు దక్కించుకోవడం న్యాయం కాదని తెలిసీ నోరు మూసుకుంటే, మనం అడుగుతున్నది న్యాయం కోసమని ఎలా చెప్పుకుంటాం?

ఈ నేల మీదే, కాలేజీ పిల్లల గురించే నడిచిన ఒక పెద్ద వాదన నాకు ఇక్కడ గుర్తొస్తుంది. వందేళ్లు దాటింది. ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుగు వ్యాసం గ్రాంథికంలో రాయాలా, వాడుక భాషలో రాయాలా అని మద్రాసు విశ్వవిద్యాలయం ఒక సంఘాన్ని వేసింది. సంఘంలో ఎక్కువమంది గ్రాంథికం వైపు మొగ్గారు. సభ్యుడుగా ఉన్న గురజాడ అప్పారావు ఒప్పుకోలేదు. ఒప్పుకోనని ఒక్క మాట చెప్పి ఊరుకోకుండా, ఎందుకు ఒప్పుకోడో ఒక గ్రంథమంత రాశారు. అదే 1914లో వచ్చిన డిసెంట్ పత్రం. దానికి ముందే 1913లో, వాడుక భాష తరఫున ఆయన చిన్ననాటి సహాధ్యాయి గిడుగు రామమూర్తి రాసిన మెమొరాండం వచ్చింది. గురజాడది విజయనగరం, గిడుగు పనిచేసింది పర్లాకిమిడిలో. మా పిల్లలు బస్సెక్కే ఊళ్లకి రెండూ దూరం కాదు.

వాళ్లిద్దరూ ఆ పత్రాలు రాసింది ఇంగ్లీషులో. తెలుగు కోసం ఇంగ్లీషులో రాయడమేమిటని నా చిన్నప్పుడు అనిపించేది. ఇప్పుడు అర్థమవుతుంది. తేల్చాల్సిన పెద్దలు చదివే భాష అది. వాళ్లు చదవగలిగేలా, ఇంకొకరి ముందు పెట్టగలిగేలా రాశారు. గిడుగు ఇంకో పని చేశారు. గ్రాంథికమే శుద్ధమన్న పండితుల సొంత రచనల్లోంచే గ్రాంథిక వ్యాకరణానికి నిలవని ప్రయోగాలు ఏరి చూపించారు. మీకే పట్టుబడని భాషని పదహారేళ్ల పిల్లల మీద ఎలా రుద్దుతారన్నది దాని సారం. అవతలివాళ్ల పుస్తకాలని వాళ్లకంటే శ్రద్ధగా చదివితే తప్ప ఆ పని కాదు. తిట్టడానికి అంత ఓపిక అక్కర్లేదు.

ఆ తగువులో అప్పటికి గ్రాంథికమే గెలిచింది. 1915 నవంబరు 30న గురజాడ పోయారు. తాను అడిగింది జరగడం ఆయన చూడలేదు. కానీ ఆ కాగితాలు మిగిలాయి. తర్వాతివాళ్లు వాటిని భుజాన వేసుకున్నారు. ఈ వ్యాసం మీరు ఈ భాషలో చదువుతున్నారంటే అందులో వాటి పాలు ఉంది. అలాంటిది, ఆయన పుట్టిన ఈ ప్రాంతంలో, ఒక డిగ్రీ అమ్మాయి బస్సు గురించి చెప్పుకోడానికి ఇప్పటికీ 'వ్రాయు విన్నపము ఏమనగా' అని మొదలుపెట్టడం నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. నాలుగుంపావుకి బస్సు కదిలిపోతాదని చెప్పిన నోటికి, అదే మాట కాగితం మీద పెట్టే హక్కు ఉందని ఎవరూ చెప్పలేదు.

ఇదంతా విని, విద్యార్థి సంఘంలో తిరిగే ఒక కుర్రాడు నాతో గట్టిగానే పోట్లాడాడు. "ఇది మా హక్కు మేడం. హక్కు అడగడానికి లెక్కలు రాసుకుని, ఎదుటివాడి ఇబ్బందులు కూడా మేమే ఆలోచించి, బతిమాలుకోవాలా? గేటు దగ్గర రెండు రోజులు కూర్చుంటే వాళ్లే దిగొస్తారు."

అతని మాటని నేను తేలిగ్గా తీసుకోలేదు. కష్టపడేవాడి మీదే సాక్ష్యం చూపించే బరువు కూడా వేయడం అన్యాయమే. కూర్చుంటే తప్ప కదలని తలుపులు ఉన్నాయి. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లినప్పుడు, ఎంతోమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నాక, తల్లిదండ్రులూ విద్యార్థులూ రోడ్డెక్కితేనే ఫెయిలైన వాళ్ల పేపర్లన్నీ ఉచితంగా మళ్లీ పరిశీలించమని ప్రభుత్వం చెప్పింది. కానీ ఆ రోజుల్లో జనం నోళ్లలో నానింది ఏమిటో గుర్తు తెచ్చుకోండి. తెలుగులో సున్నా వచ్చిందన్న ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 తేలడం. అంతమంది చేసిన నినాదాల వెనక ఆ ఒక్క మార్కుల కాగితం నిలబడింది. దాన్ని చూశాక, పిల్లలు చదవక ఫెయిలయ్యారని అనేవాళ్ల నోరు మూతపడింది. ధర్నా తలుపు తెరిపిస్తుంది. తెరిచాక లోపల కూర్చుని, సరే ఏం చెయ్యమంటావు అని వాళ్లడిగితే చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. చాలాసార్లు మనవాళ్ల చేతిలో అప్పుడు పదిహేడు డిమాండ్ల మెమొరాండం ఉంటుంది. అందులో సులువైన రెండిటికి సరేనని, ఫోటో దిగి పంపేస్తారు. ఆ కుర్రాడికి ఇదే చెప్పాను. పూర్తిగా ఒప్పుకోలేదు. పేర్లు పోగుచేయడంలో మాత్రం ఆ పన్నెండుమంది అబ్బాయిల వివరాలు తెచ్చింది అతనే.

నిబంధనలు తెలుసుకోవడం గురించి కూడా ఒక మాట. నేను గొలుసు కుదువపెట్టిన రోజుల కంటే ఇప్పుడు పిల్లల చేతిలో ఎక్కువ ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసుకుని వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలని, కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. 2023లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త రెగ్యులేషన్లు వచ్చాయి. ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో విద్యార్థి ప్రతినిధిని ప్రత్యేక ఆహ్వానితుడుగా పిలవాలి, 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వడానికి చూడాలి, నచ్చకపోతే 15 రోజుల్లోపు అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే ఆ అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. తమ జవాబు పత్రం తాము చూసుకునే హక్కు సమాచార హక్కు చట్టం కింద ఉందని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఇవి మా కాలేజీలో ఎంతమంది పిల్లలకి తెలుసని అడిగితే చేతులు లేవలేదు. చెప్పాల్సింది మేమే, చెప్పలేదు. అయితే నిబంధన నంబరు ఒక్కటీ రాసి పడేస్తే పని అవుతుందనుకోకూడదు. అది గాలిలో వేలాడుతుంది. ఫలానా తేదీన నేను అడిగాను, ఫలానా మాట చెప్పారు, ఇంకా ఇవ్వలేదు, ఇన్ని రోజులైంది అని మన సంగతి దాని పక్కన పెడితేనే అది మనకి ఆనుకుని నిలబడుతుంది.

చివరికి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చిన కాగితం ఒక పేజీ. రాసింది ఆ వెనకాల నిలబడ్డ అమ్మాయే. నేను మాట మార్చలేదు, రెండు కామాలు పెట్టానంతే.

"సార్, మాకు ల్యాబు 4.30కి అవుతుంది. మా రూటు బస్సు 4.15కి కాంప్లెక్సులో బయల్దేరుతుంది. తర్వాత బస్సు 6.30కి. ఈ రూటులో 43 మందిమి వస్తున్నాం, పేర్లు వెనక ఉన్నాయి. ఇందులో 17 మందికి హాజరు 75 శాతం లోపు ఉంది. సెప్టెంబరులో ఇద్దరు చదువు మానేశారు. సైన్సు గ్రూపులకి 9.30 నుంచి 4 వరకు పెట్టమని అడుగుతున్నాం. దీనివల్ల ఇంకో రూటులో వచ్చే ఆరుగురికి ఉదయం పావుగంట పైనే ఆలస్యమవుతుంది. వాళ్లకి ఏం చెయ్యాలో మాకు తెలియలేదు."

ఆ ఆఖరి వాక్యం తీసెయ్యమని చెబుదామనుకుని ఊరుకున్నాను. ఊరుకోవడం మంచిదైంది. ప్రిన్సిపాల్ గారు చదువుతూ సరిగ్గా అక్కడ ఆగారు. వెనక్కి తిప్పి పేర్లు చూశారు. గీత కొట్టిన రెండు పేర్ల మీద వేలు పెట్టి, "వీళ్లు ఎవరు?" అన్నారు. "వాళ్లే సార్, మానేసినవాళ్లు" అంది ఆ అమ్మాయి. "ఆలోచిస్తానమ్మా" అని పంపించారు. ఆ పేజీన్నర దండకానికైనా ఆ మాటే వచ్చేదేమోనని పిల్లలు బయటికొచ్చి దిగులుపడ్డారు.

ఆ శనివారం స్టాఫ్ మీటింగులో ఆయనే ఎత్తారు. ల్యాబ్ ఇన్‌చార్జి ఒకరు, "ఒక్క బస్సు కోసం టైంటేబులు మార్చుకుంటూ పోతే ఎలా సార్? రేపు ఇంకో రూటు వాళ్లొస్తారు" అన్నారు. ప్రిన్సిపాల్ గారు ఏమీ అనలేదు. ఆ కాగితం ఇన్‌చార్జి గారి ముందుకి జరిపారు. ఆయన చదివారు, వెనక్కి తిప్పారు. కాసేపాగి, "ల్యాబు రెండో పీరియడుకి తెస్తే ఆ ఆరుగురితో కూడా పేచీ ఉండదు కదా, టైము కదపక్కర్లేదు" అన్నది ఆ ఇన్‌చార్జి గారే. వారంలో నాలుగు ల్యాబుల్లో మూడు పొద్దుటికి వచ్చాయి. ఆ మూడు రోజులూ వీళ్లకి మూడున్నరకే అయిపోతుంది. గురువారం ల్యాబు గది ఫైనలియర్ వాళ్లది, అది కుదరలేదు. గురువారం నాడు ఇప్పటికీ ఆరున్నర బస్సే. అందుకు నాకు బాధగానే ఉంది, అడుగుతూనే ఉన్నాం.

మానేసిన ఇద్దరిలో ఒకమ్మాయికి అప్పటికే పెళ్లి కుదిరిపోయింది. రెండో అమ్మాయి ఇంటికి డిసెంబరులో ఒక ఆదివారం వెళ్లాను, ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని. వాళ్ల నాన్న కళ్లంలో ఉన్నాడు, నూర్పులు జరుగుతున్నాయి. దారంతా నేను ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ వెళ్లాను. ఆడపిల్ల చదువు, డిగ్రీ విలువ, ఉద్యోగాలు. అవేవీ ఆయన అడగలేదు.

"రాత్రి ఎనిమిదికి ఆడపిల్ల ఇంటికొస్తే ఊరు ఏటంటాది మేడం? నాకు సదివించాలనే ఉంది."

"ఇప్పుడు టైములు మారాయండి."

"ఎన్నింటికి వస్తాది?"

"మూడు రోజులు అయిదున్నరకల్లా ఇంట్లో ఉంటుంది. ఒక్క గురువారం మాత్రం ఆలస్యమే." గురువారం సంగతి చెప్పకుండా ఉందామా అని ఒక్క క్షణం అనిపించింది. పక్కనే ఆ ఆరుగురి గురించి రాసిన అమ్మాయి నిలబడి ఉంది.

ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. గురువారం గురువారం అని రెండుసార్లు తనలో తాను అనుకున్నాడు. తర్వాత అన్నాడు. "అది కాయితం మీద రాసి ఇచ్చీండి. మా అన్నయ్యకి సూపించాల."

సంచిలో ఆ పొడుగు నోటుబుక్కే ఉంది. ఒక పేజీ చింపి రాశాను. సోమవారం, మంగళవారం, శుక్రవారం, పక్కన 4.15 బస్సు. గురువారం, పక్కన 6.30. కింద నా పేరు, ఫోను నంబరు, సంతకం. ఆయన చేతులకున్న పొట్టు దులుపుకుని కాగితం అందుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి, చెట్టు కొమ్మకి తగిలించి ఉన్న చొక్కా దగ్గరికి నడిచి, దాని జేబులో పెట్టాడు.